వంట మాస్టర్ ఇంటికెళ్ళి ఏం తింటే మనకేం?

వీగన్ భోజనం అడిగేవాళ్ళు చూడాల్సింది తమ కంచంలోకా, వడ్డించేవాడి కంచంలోకా?

కాలిఫోర్నియాలో కెఫే గ్రాటిట్యూడ్ అని పేరుమోసిన వీగన్ హోటళ్ళున్నాయి. 2004లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలయ్యాయి. అక్కడ వంటకాలకు పెట్టే పేర్లు కాస్త చిత్రంగా ఉంటాయి. ‘నేను కృతజ్ఞుణ్ణి’ అని ఆర్డరు చెబితే గిన్నెడు భోజనం వస్తుంది. తిండిని ఇంత భక్తిగా అమ్మే చోటికి వచ్చేవాళ్ళూ భక్తులే అవుతారు. 2016 వసంతంలో ఆ భక్తులకు పిడుగులాంటి వార్త తెలిసింది. యజమానులైన మాథ్యూ, టెర్సెస్ ఎంగిల్‌హార్ట్ దంపతులు దాదాపు నలభై ఏళ్ళు శాకాహారులుగా బతికి, ఇప్పుడు తమ సొంత పొలంలో పెంచుకున్న ఆవుల మాంసం తింటున్నారు. పైగా ఆ సంగతి వాళ్ళే అంతకు ఏడాది ముందు రాసుకున్నారు, ఫొటోలతో సహా. ఎవరి కంటా పడలేదంతే.

పడ్డాక మాత్రం ఊరుకోలేదు. హోటల్ ముందు నిరసనలు జరిగాయి, బహిష్కరణ పిలుపులు వచ్చాయి. చంపేస్తామన్న బెదిరింపులూ వచ్చాయి. నేల సారం నిలవాలంటే పశువులుండాలని ఆ దంపతులు వివరణ ఇచ్చుకున్నారు. ఇంత గొడవలోనూ మెనూలో ఏ మార్పూ లేదు. నిన్నటిదాకా వీగన్‌గా ఉన్న భోజనం ఆ రోజూ వీగన్‌గానే ఉంది. మారింది తినేవాడి మనసొక్కటే.

ఆ వారంలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. ఓనర్ల సంగతి సరే, లోపల గిన్నెలు కడిగేవాళ్ళు, ఉల్లిపాయలు తరిగేవాళ్ళు ఏం తింటున్నారు? కాలిఫోర్నియా వంటగదుల్లో చాలావరకు మెక్సికో నుంచి, మధ్య అమెరికా నుంచి వచ్చినవాళ్ళ చేతులే పనిచేస్తాయి. పని దిగి ఇంటికెళ్ళి వాళ్ళు ఏం వండుకుంటారో ఊహించడం కష్టం కాదు. అయినా అమెరికాలో వీగన్ల కోపం యజమాని గడప దగ్గరే ఆగింది. అది తెలిసి ఆగిందో, పనివాళ్ళు కంటికి ఆనకపోవడం వల్ల ఆగిందో చెప్పలేం. మన దగ్గరైతే అక్కడ ఆగదు. మన దేశంలో ఈ ప్రశ్న మొదలయ్యేదే పనివాడి దగ్గర.

డబ్బు ఎటు పోతుంది?

ముందు కోపానికి ఉన్న న్యాయం ఒప్పుకుందాం. 1944లో ఇంగ్లండులో డొనాల్డ్ వాట్సన్ అనే వడ్రంగం మాస్టారు, మరికొందరు కలిసి వీగన్ సొసైటీ పెట్టారు. మాంసం మానేసి పాలూ గుడ్లూ తింటే సరిపోదు, జంతువును వాడుకోవడమే మానాలన్నది వాళ్ళ వాదన. అంటే వీగన్ లెక్క అంతా హాని లెక్క. నేను పెట్టే రూపాయి వల్ల ఏ జీవికి నొప్పి కలుగుతుంది? ఆ రూపాయి ఆపితే నొప్పి తగ్గుతుందా?

ఈ లెక్కన చూస్తే ఓనర్ విషయంలో వీగన్ నొచ్చుకోవడంలో అర్థముంది. నా బిల్లులో లాభం ఆయనకు చేరుతుంది. ఆ లాభం పశువుల కొట్టానికి పెట్టుబడి అయితే, నేను ఏది మానుకున్నానో దానికే చందా ఇచ్చినట్టు. పైగా ఆయన అమ్మేది భోజనం ఒక్కటే కాదు, ఒక నమ్మకాన్ని కూడా. నమ్మకాన్ని సరుకుగా పెట్టినవాణ్ణి నిలదీయొచ్చు. ఆ హోటల్‌కి వెళ్ళడం మానేయొచ్చు. బెదిరింపులు మాత్రం ఏ లెక్కలోకీ రావు.

మరి నెల జీతానికి దోసెలు పోసే మాస్టర్ సంగతి? నా డబ్బు ఆయన జీతంగా మారి, ఆదివారం కోడి కూరగా మారుతుంది కదా అని ఒకరనొచ్చు. ఆ దారి పట్టుకుంటే ఎక్కడ ఆగుతాం? నన్ను హోటల్ దగ్గర దింపిన ఆటో డ్రైవరు, ఆ వీధికి కరెంటు సరిచేసిన లైన్‌మన్, బియ్యం పండించిన కౌలు రైతు, కూరగాయల బండివాడు, అందరి ఇంటి పొయ్యి మీదకూ నా డబ్బు వెళుతూనే ఉంది. వాళ్ళెవరినీ అడగని ప్రశ్న వంటవాణ్ణే అడుగుతున్నామంటే అది హాని లెక్క కాదు. వంటవాడు నా అన్నాన్ని ముట్టుకుంటాడు, తక్కినవాళ్ళు ముట్టుకోరు. అసలు తేడా అదే.

అంటే మనం వీగనిజం నుంచి జారి మడిలోకి వచ్చి పడ్డాం.

పాత ప్రశ్న, కొత్త అట్ట

ముట్టుకోవడం చుట్టూ మన హోటళ్ళకు పెద్ద చరిత్రే ఉంది. గురజాడ ‘కన్యాశుల్కం’లో పూటకూళ్ళమ్మ ఊరికే వచ్చిన పాత్ర కాదు. ఇల్లు దాటి పట్నం వచ్చిన అగ్రవర్ణపు మగవాడు ఎవరి చేతి అన్నం తినాలన్న చిక్కు తీర్చడానికే పూటకూళ్ళ ఇళ్ళు వెలిశాయి. ఆ తర్వాత దక్షిణాది పట్నాలన్నింటా ‘బ్రాహ్మణ హోటల్’ బోర్డులు పుట్టాయి. అందులో ఏం వండుతారన్నది ఆ బోర్డు చెప్పదు. ఎవరు వండుతారన్నదే చెబుతుంది. 1957లో మద్రాసు ట్రిప్లికేన్‌లో ఒక హోటల్ బోర్డు మీద ఆ మాట తీసేయాలని పెరియార్ ఉద్యమమే నడిపారు. ఇక మన పల్లెల్లో టీ కొట్టు దగ్గర రెండు గ్లాసుల పద్ధతి పుస్తకాల్లో చదివి తెలుసుకోవాల్సినంత పాత సంగతేం కాదు.

బోర్డులు పోయాయి, ప్రశ్న పోలేదు. వేరే అట్ట వేసుకుని తిరుగుతోంది. 2024 మార్చి 19న జొమాటో సంస్థ ‘ప్యూర్ వెజ్’ డెలివరీ ప్రకటించింది. శాకాహారం తెచ్చేవాళ్ళకు ఆకుపచ్చ చొక్కా, మిగతావాళ్ళకు ఎరుపు. వెజ్ పార్సిల్‌కి పక్కన ఉన్న బిర్యానీ వాసన అంటకూడదన్నది సంస్థ చెప్పిన కారణం. చెప్పుకోవడానికి బాగానే ఉంది. కానీ అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ ఎర్ర చొక్కాను ఎలా చూస్తాడో ఎవరికి తెలియదు? మర్నాటికల్లా సంస్థ వెనక్కి తగ్గి, అందరికీ ఎరుపే అంది. రైడర్లకు ప్రమాదం, కొందరు కస్టమర్లకు ఇంటి ఓనర్లతో తంటా అని సంస్థ అధిపతి దీపిందర్ గోయల్ స్వయంగా ఒప్పుకున్నారు.

హైదరాబాద్‌లో జరిగింది ఇంకా విడ్డూరం. 2019 అక్టోబరులో పాతబస్తీ అలియాబాద్‌లో ఒక కస్టమర్ ఆన్‌లైన్‌లో తిండి తెప్పించుకున్నాడు. తెచ్చేవాడు హిందువై ఉండాలని ముందే రాశాడు. ముస్లిం కుర్రాడు తెచ్చేసరికి తీసుకోనన్నాడు. శాలిబండ పోలీసులు కేసు పెట్టారు. ఇంతకీ ఆయన ఆర్డరిచ్చింది చికెన్ 65. కోడి విషయంలో ఆయనకు ఏ అభ్యంతరమూ లేదు, తెచ్చిన చేయి మీదే. ఎదుటివాడి ఆహారం గురించి అడిగే ప్రశ్న చాలాసార్లు ఆహారం గురించి కాదని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

పేరు చెప్పక్కర్లేదు, కూర చెబితే చాలు

2024 జులైలో ఉత్తరప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్ పోలీసులు కావడి యాత్ర దారిలో ఉన్న హోటళ్ళు, దాబాలు, పళ్ళ బండ్ల వాళ్ళు యజమానుల పేర్లు బోర్డు మీద రాయాలన్నారు. తర్వాత ప్రభుత్వం యాత్రా మార్గమంతటికీ దాన్ని విస్తరించింది. ఉత్తరాఖండ్‌లోనూ అదే బాట. యాత్రికుల ఆహార నియమాల కోసమే ఇదంతా అన్నారు. పేర్లు రాసేలోపే కొన్ని దాబాల్లో ముస్లిం పనివాళ్ళను కొన్నాళ్ళు రావద్దన్నారని వార్తలొచ్చాయి. చూడండి, ఆ దాబాల్లో వండేది పప్పూ రొట్టే. పని పోయింది పప్పులో తేడా వచ్చి కాదు.

జులై 22న సుప్రీంకోర్టులో జస్టిస్ హృషీకేశ్ రాయ్, జస్టిస్ ఎస్.వి.ఎన్. భట్టి ధర్మాసనం ఆ ఆదేశాల్ని నిలిపేసింది. ఎలాంటి ఆహారం అమ్ముతున్నారో చెప్పమని అడగొచ్చు, యజమానుల పేర్లూ పనివాళ్ళ పేర్లూ రాయమని బలవంతపెట్టకూడదంది. రెండు వాక్యాల్లో తేలిన ఆ గీతే ఈ వ్యాసానికి ఆధారం. జస్టిస్ భట్టి మన మదనపల్లె మనిషి. కేరళలో న్యాయమూర్తిగా ఉన్నప్పటి అనుభవం ఒకటి ఆయన కోర్టులో చెప్పారు. ఆయన ఉన్న ఊళ్ళో రెండు శాకాహార హోటళ్ళున్నాయి, ఒకటి హిందువుది, రెండోది ముస్లింది. ఆయన వెళ్ళింది రెండోదానికి. దుబాయ్ నుంచి తిరిగొచ్చిన ఆ యజమాని శుభ్రతలో అంతర్జాతీయ ప్రమాణాలు పాటించేవాడట. జడ్జిగారికి కావాల్సింది శుభ్రమైన వంటగది. దొరికింది, తిన్నారు.

ఇక్కడ ఒక అంకె చెప్పాలి. 2014లో నమూనా రిజిస్ట్రేషన్ వ్యవస్థ చేసిన బేస్‌లైన్ సర్వేలో, పదిహేనేళ్ళు దాటినవాళ్ళలో మాంసాహారులు తెలంగాణలో దాదాపు 99 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 98 శాతం పైన. హైదరాబాద్, విజయవాడ, విశాఖ వంటగదులకు ఇప్పుడు పనివాళ్ళు వచ్చే రాష్ట్రాలు చూద్దామా? పశ్చిమ బెంగాల్ 98 శాతం పైన, ఒడిశా, జార్ఖండ్ 97 శాతం దగ్గర. అంటే మన ఊళ్ళో ప్యూర్ వెజ్ అన్న బోర్డు కింద ఇడ్లీలు దించేవాడు, సాంబారు కలిపేవాడు, బల్ల తుడిచేవాడు దాదాపు అందరూ ఇంటి దగ్గర చేపో కోడో తినేవాళ్ళే. వాళ్ళ చేతి వంటే ఇన్నేళ్ళుగా లొట్టలేసుకుంటూ తింటున్నాం. ‘మాకు శాకాహారులే వండాలి’ అన్న మాటకు ఈ అంకెల ముందు ఒకటే అర్థం మిగులుతుంది: నూటికి ఒకరో ఇద్దరో ఉన్న కులాల వాళ్ళే వండాలి. వీగన్ కుర్రకారు ఈ సంగతి తెలియకుండా, జంతువుల మీద నిజమైన జాలితోనే ఆ మాట అనొచ్చు. అన్నాక అది వెళ్ళి చేరేది మాత్రం అక్కడికే.

గుళ్ళ సంగతి వేరు, మఠాల సంగతి వేరు. దేవుడికి నైవేద్యంగా వండేచోట వండేవాడి ఆచారం కూడా వంటలో భాగమని నమ్మేవాళ్ళ నమ్మకం అది. దానితో ఏకీభవించినా లేకపోయినా, డబ్బులిచ్చి బిల్లు తీసుకునే హోటల్‌కి ఆ నియమం ఎరువు తెచ్చుకోనక్కర్లేదు. గుడిలో సైతం ఆచారం అన్నింటినీ కాపాడుతుందన్న భరోసా లేదు. తిరుమల పోటులో పనిచేసేవాళ్ళ నియమనిష్ఠలకు సాటి తెలుగునాట మరోచోట ఉండదు. 2024 సెప్టెంబరులో దేశమంతా అట్టుడికింది మాత్రం వాళ్ళ చేతుల గురించి కాదు, ట్యాంకర్లలో వచ్చిన నెయ్యి కల్తీ అన్న ఆరోపణ గురించి. సుప్రీంకోర్టు ఆదేశంతో ఏర్పాటైన ప్రత్యేక దర్యాప్తు బృందం 2025 ఫిబ్రవరిలో అరెస్టు చేసిన నలుగురూ నెయ్యి సరఫరా డెయిరీలతో సంబంధం ఉన్నవాళ్ళే. సరుకు ఎక్కడి నుంచి వచ్చిందన్నది చూడాల్సిన చోట, వండినవాడి ఒంటి మీద మడి కాపలా కాయలేదు.

నమ్మనివాడు జాగ్రత్తగా చేస్తాడా?

ఎదుటి పక్షం వాదనల్లో నన్ను ఆలోచింపజేసేది ఇదొక్కటే. వీగనిజం అంటే ఏమిటో పట్టనివాడికి, వెన్న రాసిన అట్లకాడతోనే నా దోసె తిప్పితే తప్పేమిటో ఎందుకు తడుతుంది? సొంత నమ్మకం ఉన్నవాడైతే ఎవరూ చూడకపోయినా గరిటె మారుస్తాడు కదా?

న్యూయార్క్‌లో కోషర్ హోటళ్ళు దీనికి ఎప్పుడో జవాబు కనుక్కున్నాయి. యూదుల ఆహార నియమాలు మన మడికి ఏమాత్రం తీసిపోవు. పాలకూ మాంసానికీ గిన్నెలు వేరు, పొయ్యిలు వేరు. ఆకుకూరలో పురుగు లేదని వెలుతురులో చూడాలి. అయినా ఆ వంటగదుల్లో వంటవాళ్ళు యూదులే కానక్కర్లేదు. ‘మష్గియాఖ్’ అనే పర్యవేక్షకుడు ఒకడుంటాడు. నిష్ఠ గల యూదుడై ఉండాల్సింది అతడు. సరుకు అతని కళ్ళ ముందే లోపలికి రావాలి. వేరేవాళ్ళు వండడం మీద ఆ మతంలోనూ నియమం ఉంది, అయితే ఐరోపా యూదుల సంప్రదాయంలో పొయ్యి వెలిగించడం యూదుడు చేస్తే చాలంటారు. మూడు వేల ఏళ్ళ మతమే పనివాడి పొట్ట జోలికి పోకుండా పర్యవేక్షణతో పని నడుపుకుంటుంటే, ఎనభై ఏళ్ళు దాటిన వీగన్ ఉద్యమానికి అంతకన్నా కఠినమైన నియమం దేనికి?

మన చట్టం కూడా పనివాడి గురించి చాలానే అడుగుతుంది. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నియమాల ప్రకారం వంటగదిలో పనిచేసేవాళ్ళకు ఏటా వైద్య పరీక్ష జరగాలి, టైఫాయిడ్ వంటి పేగు జబ్బులకు టీకాలుండాలి. పనిచేసేచోట ఉమ్మడం, నమలడం, పొగ తాగడం కుదరదు. ప్రతి 25 మంది పనివాళ్ళకు శిక్షణ పొందిన సూపర్‌వైజర్ ఒకరుండాలి. అతని జబ్బు గురించి, గోళ్ళ గురించి, చేతుల శుభ్రత గురించి చట్టం అడిగింది. రాత్రి ఏం తిన్నాడని అడగలేదు.

అసలు చిక్కంతా నేతి గరిటెలో ఉంది

వీగన్లు మన హోటళ్ళలో నిజంగా ఓడిపోయేది మాంసం దగ్గర కాదు, పాడి దగ్గర. ప్యాకెట్ల మీద మనం చూసే ఆకుపచ్చ చుక్కకు పాలు, తేనె అభ్యంతరం కావు. చట్టం రాసిన మాంసాహార నిర్వచనంలోనే వాటికి మినహాయింపు ఉంది. అందుకే 2022లో వీగన్ ఆహారానికి విడిగా నిబంధనలు తెచ్చి, ఆకు మొలిచిన ‘వీ’ అక్షరంతో వేరే ముద్ర పెట్టాల్సివచ్చింది. హోటల్ బల్ల మీదికి వచ్చేసరికి ఆ ముద్రా ఉండదు.

ఇక్కడ జరిగే సంభాషణ అందరికీ తెలిసిందే.

‘‘బాబూ, ఇందులో నెయ్యి వేస్తారా?’’

‘‘లేద్సార్.’’

‘‘అస్సలు వెయ్యరా?’’

‘‘పైన కొంచెం వేస్తారంతే సార్. మంచి నెయ్యే.’’

ఆ కుర్రాడు అబద్ధమాడలేదు. నెయ్యి వద్దనేవాడు నాణ్యత మీద అనుమానంతోనే వద్దంటాడని అతని అనుభవం. నెయ్యి ఎక్కువ వేయడం మన దగ్గర మర్యాద, ఆ మర్యాదను వద్దనే మనిషి అతనికి తారసపడి ఉండడు. రవ్వ దోసె పిండిలో మజ్జిగ, నాన్ పిండిలో పాలూ పెరుగూ, పనీర్ లేదని తెప్పించుకున్న కూరగాయల కుర్మాలో మీగడ, పొంగలి నిండా నెయ్యి, ఉలవచారు పక్కన వెన్న. ఆత్రేయపురం పూతరేకుల సంగతి సరేసరి. ఇవన్నీ శాకాహార హోటళ్ళలోనే. ఒక్కోసారి నిష్ఠగల శాకాహారి మాస్టరే వీగన్‌కి ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే నెయ్యి పవిత్రమన్నది అతని నమ్మకం.

అదే బిర్యానీ హోటల్లో బగారా బైంగన్ చూడండి. పల్లీలు, నువ్వులు, కొబ్బరి, చింతపండు, నూనె. మామూలుగా చేసే పద్ధతిలో పాలచుక్క పడదు. తరతరాలుగా మాంసం ప్రియంగా తినే ఇళ్ళలో పుట్టి, దమ్ బిర్యానీకి తోడుగా ఎదిగిన కూర అది. మన గుత్తి వంకాయ, గోంగూర పచ్చడి, కాకరకాయ పులుసు కూడా అంతే. వాటిని చేతికి అలవాటు చేసుకున్నవాళ్ళలో ఎక్కువమంది నూటికి 98 మంది లెక్కలోని వాళ్ళే. (అన్నట్టు, ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్ల ఊళ్ళో వీగన్‌గా బతకడం చిన్న తపస్సు. వాళ్ళ మీద నాకు గౌరవముంది.)

అందుకే పనివాళ్ళ గురించి వీగన్ పట్టించుకోవాల్సింది నిజంగానే ఉంది, కానీ అది వేరే. సర్వర్‌కి మెనూ గురించి యాజమాన్యం ఏం నేర్పింది? నెలకోసారి మారిపోయే పనివాళ్ళకు పాలు, నెయ్యి, తేనె ఉన్నవేవో ఒక కాగితం మీద రాసి ఇచ్చిందా? పన్నెండు గంటల డ్యూటీలో పదకొండో గంటన ఉన్న మనిషి గరిటె మార్చడం మరిచిపోతాడు, అతను వీగన్ అయినా సరే. జీతం, విశ్రాంతి, శిక్షణ సరిగా ఉన్నచోట ఆర్డరు సరిగా వస్తుంది.

యాజమాన్యానికి ఎంతవరకు హక్కుంది? వంటగదిలోకి మాంసం తేవద్దని చెప్పొచ్చు. గిన్నెలు కలవకూడదు కాబట్టి అది సబబే. సంస్థ డబ్బుతో మాంసం కొనబోమనీ చెప్పొచ్చు. 2018లో వీవర్క్ అనే అమెరికన్ కంపెనీ ఆ పనే చేసింది, ఉద్యోగులు బయట ఏం తింటారన్నది మాత్రం వాళ్ళకే వదిలేసింది. స్టాఫ్ రూమ్‌లో, వీధి చివర అద్దె గదిలో, సెలవు రోజున కోడిగుడ్డు ఉడకబెట్టుకోకూడదనే అధికారం ఏ ఓనర్‌కీ లేదు. ఆ నిషేధాన్ని మెచ్చుకునే వీగన్ కస్టమర్ ఒక్క కోడిని కూడా కాపాడడు. ఆ కుర్రాడు పని మానేసి పక్క వీధి బిర్యానీ సెంటర్లో చేరతాడు.

నమ్మకం కలిగినవాడికి దొరికే రక్షణ నమ్మకం లేనివాడికీ దొరకాలి కూడా. 2020 జనవరిలో బ్రిటన్‌లో జోర్డి కాసామిజానా అనే ఉద్యోగి కేసులో ట్రిబ్యునల్ నైతిక వీగనిజాన్ని చట్టం కాపాడే తాత్విక విశ్వాసంగా గుర్తించింది. వీగన్లు పండగ చేసుకున్నారు. అక్కడి 2010 సమానత్వ చట్టం అలాంటి విశ్వాసం లేకపోవడాన్ని కూడా అంతే కాపాడుతుంది. ఆ సంగతి పెద్దగా ఎవరూ చెప్పుకోలేదు.

మన దగ్గర వీగన్ల చేతిలో ఒక ఆయుధం ఉంది, వాడేవాళ్ళు తక్కువ. పది చోట్లకు తగ్గకుండా శాఖలున్న హోటళ్ళు, కేంద్ర లైసెన్సు ఉన్నవీ, 2020 లేబులింగ్ నిబంధనల కింద తమ వంటకాల్లో అలర్జీ కలిగించే పదార్థాలేవో చెప్పాలి. ఆ జాబితాలో పాలు, పాల పదార్థాలు ఉన్నాయి. అంటే కుర్మాలో మీగడ ఉందో లేదో కుర్రాణ్ణి గుచ్చి గుచ్చి అడగనక్కర్లేదు, కౌంటర్ దగ్గర మేనేజర్‌ని ఆ వివరాలు చూపించమంటే చాలు. చాలా కౌంటర్లలో అలాంటి నిబంధన ఉందనే తెలియదు, అడిగేవాళ్ళు లేక.